మీద ఉండాల్సిన సలాక

1978 ఎండాకాలం. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక మందుల దుకాణం పైన రెండు గదుల్లో మా అసోసియేషన్ వరంగల్ శాఖ నడిచేది. ఇంజనీర్లకూ ఆర్కిటెక్టులకూ కలిపి దేశమంతటికీ ఉన్న వృత్తి సంఘం అది. పెద్దాఫీసు ఢిల్లీలో. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. శాఖలో నేనొక్కతెనే ఆడదాన్ని. నన్ను గౌరవ కార్యదర్శిని చేశారు. చేతిరాత బాగుంటుందనీ, టైపు వచ్చనీ చేశారని తర్వాత తెలిసింది కానీ అప్పుడు మాత్రం నేల మీద నిలవలేదు. మా నాన్నకు వరంగల్ బజారులో ఇనుము దుకాణం. వచ్చిన ప్రతి గిరాకీకీ "మా సుగుణ ఇంజనీర్ల సంఘానికి సెక్రటరీ" అని చెప్పుకునేవాడు.

మా శాఖ అధ్యక్షుడు నరహరిరావు గారు. జిల్లాలో పేరున్న కన్సల్టింగ్ ఇంజనీరు. సినిమా హాళ్లు, రైసు మిల్లులు, పెళ్లి మంటపాలు, ఏది కట్టాలన్నా జనం ముందు ఆయన ఇంటికే వెళ్లేవారు. నా మెంబర్‌షిప్ ఫారం మీద సిఫారసు సంతకం ఆయనదే. ఆయన గదిలోకి వస్తే అందరం లేచి నిలబడేవాళ్లం.

ఆ మే నెలలో తొర్రూరు అవతల ఒక ఊళ్లో కొత్తగా కడుతున్న ఆడపిల్లల బడి పోర్టికో కూలింది. పోర్టికో అంటే గుమ్మం ముందు, కింద స్తంభాలేవీ లేకుండా గోడలోంచి ముందుకు చాచుకుని ఉండే స్లాబు. ఆరడుగుల పొడవు ముందుకొచ్చిన ఆ స్లాబుకు ఆనించిన కర్రలు తీస్తుండగా ఒక్కసారిగా విరిగి పడింది. కింద చెక్క పలకలు ఏరుతున్న లచ్చమ్మ అనే కూలి అక్కడికక్కడే చనిపోయింది. బడి సర్కారుది కాదు. ఊరివాళ్లూ తొర్రూరు వ్యాపారులూ కమిటీ వేసుకుని కట్టిస్తున్నారు. అందుకని సాంకేతిక అభిప్రాయం చెప్పమని పోలీసులు మా అసోసియేషన్‌కు ఉత్తరం రాశారు.

ఆ బడికి డ్రాయింగులు ఇచ్చింది నరహరిరావు గారే. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ, ఆయన నా టేబుల్ పక్కన నిలబడి చెబుతుంటే టైపు చేశాను. "పనితనంలో లోపం, సెంట్రింగ్ తొందరపడి తీయడం ప్రమాదానికి కారణాలుగా కనిపిస్తున్నాయి." సెంట్రింగ్ అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద నిలబెట్టే కర్రలూ పలకలూ.

"సైట్ చూడకుండా రాయొచ్చా సార్?" అని ఒక్కసారి అడిగాను.

"ప్రైమా ఫేసీ అని పెట్టు. సరిపోతుంది" అన్నారు. అంటే, పైకి కనబడుతున్నంతవరకు అని. నేను పైకి కూడా చూడలేదు. ఆ మాట పెట్టి, కింద నా పేరు టైపు చేసి, సంతకం చేసి, సంఘం ముద్ర వేశాను. ఆ తర్వాత టీ తాగాను. అది కూడా గుర్తుంది.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం ఒకామె మెట్లెక్కి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. చేతిలో గుడ్డ సంచి. ఎండలో నడిచి వచ్చినట్టు ముఖం కందిపోయి ఉంది.

"ఇంజనీర్ల ఆఫీసు ఇదేనా అమ్మా?"

"ఇదే. ఎవరు కావాలి?"

"నా మొగని మీద కాయితం రాసినోళ్లు గావాలె."

ఆమె పేరు ఎల్లమ్మ. పోర్టికో కట్టిన మేస్త్రీ కొమురయ్య భార్య. కొమురయ్యను పోలీసులు పట్టుకెళ్లి రిమాండుకు పంపారు. వరంగల్ జైల్లో ఉన్నాడు.

"మా ఆయిన పని తప్పు చేసిండని రాసిన్రట. ఎస్సై సదివి ఇనిపిచ్చిండు. కింద ఆడామె పేరున్నదన్నడు. నువ్వేనా బిడ్డా?"

"నేనే."

"నువ్వొచ్చి సూసినవా? ఎప్పుడొచ్చినవ్? మేమెవ్వలం నిన్ను సూడకపోతిమి."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"సచ్చిపోయింది ఎవలనుకున్నవ్? మా మరిది పెండ్లాం. నా తోటికోడలు. పెండ్లయి రెండేండ్లు గాలే. సొంత ఇంటి పిల్లను కిందికి తోలి, కర్రలు ఊకెనే పీకుతడా నా మొగడు? ఇరవై ఒక్క దినాలు ఉంచిండు కర్రలు. నీళ్లు పట్టిందే నేను. గీ చేతులతోని."

ఇరవై ఒక్క రోజులు! అంతకన్నా ఎక్కువ ఉంచమని ఏ పుస్తకమూ చెప్పదు. నా ఉత్తరంలోని రెండు కారణాల్లో ఒకటి ఆ క్షణమే చచ్చిపోయింది. ఆమెకు మంచినీళ్లు ఇచ్చాను. తాగింది. "జర నిజం రాయి బిడ్డా" అని వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను. ఆయన కోపంతో లేచాడు.

"నేను తూకం వెయ్యకుంట సలాక అమ్ముతనా? ఎన్నడన్న అమ్మిన్నా? నువ్వు కండ్లతోని సూడకుంట సంతకం ఎట్ల పెట్టినవే?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున తొర్రూరు బస్సెక్కాను. అక్కణ్నుంచి ఆ ఊరికి ఎడ్లబండిలో. బడి గోడలు చక్కగా, గీత గీసినట్టు లేచి ఉన్నాయి. గుమ్మం ముందు మాత్రం పోర్టికో ముక్కలై బోర్లా పడి ఉంది. సుత్తి తీసుకుని కాంక్రీటు మీద కొట్టాను. ఖంగుమంది. నాసి కాంక్రీటు అయితే సుత్తి మెత్తగా లోపలికి దిగుతుంది. ఇది మంచి పని. చాలా మంచి పని. ఉలితో విరిగిన అంచు చెక్కి లోపలి ఇనుప సలాకలు ఎక్కడున్నాయో చూశాను. అన్నీ అడుగున ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న పాఠం చెప్పాలి. ఇట్లా గోడలోంచి ముందుకు చాచిన స్లాబును కాంటిలీవర్ అంటాం. చేయి ముందుకు చాచి, అరచేతిలో బిందె పెట్టుకుని నిలబడండి. భుజం మీది భాగం సాగినట్టు లాగుతుంది. కాంటిలీవర్‌లోనూ అంతే, పైభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడును భరిస్తుంది కానీ సాగుడును భరించలేదు. ఆ సాగుడును పట్టుకోవడానికే ఇనుము. అందుకని మామూలు స్లాబులో సలాక అడుగున ఉంటుంది, కాంటిలీవర్‌లో మీద ఉండాలి. అడుగున పెడితే పెట్టనట్టే. ఇది రెండో సంవత్సరం పిల్లలకు నేను చెప్పే పాఠం. తప్పు రాస్తే సున్నా వేసేదాన్ని.

అయితే ఇంత శుభ్రంగా పని చేసే మేస్త్రీ ఈ చిన్న సంగతి ఎట్లా తప్పాడు? ఆ ప్రశ్నతోనే బుధవారం ఒక వకీలును వెంటబెట్టుకుని జైలుకు వెళ్లాను.

కొమురయ్య నలభై అయిదేళ్ల మనిషి. సిమెంటు తిని వేళ్ల చివర్లు పగిలిపోయిన చేతులు. నేనెవరో వకీలు చెప్పగానే లేచి దండం పెట్టాడు. తన మీద కాగితం రాసింది నేనని తెలిసీ పెట్టాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సలాకలు కింద ఎందుకు వేసినవ్ కొమురయ్యా?" అని అడిగాను.

"కాయితంల కిందనే ఉన్నయమ్మా. నాకు సదువు రాదు, కని బొమ్మ సూస్తే తెలుస్తది. ఇరవై ఏండ్ల సంది కిటికీల మీద సజ్జలు పోస్తాన. సజ్జకు సలాక మీదుంటది. ఇదేంది ఉల్టా ఉన్నదని నాకూ అనుమానమే."

"మరి అడగలేదా?"

"అడుగకుంటెనా? పెద్దసారు కారుల వచ్చిండు, స్లాబుకు రెండు దినాల ముందుగాల. కారు దిగకుంటనే అద్దం దించిండు. సార్, పోర్టికో సలాక మీదికి రావాలె గద, కాయితంల కిందున్నదని చెప్పిన. 'ఇంజనీర్‌వి నువ్వా నేనా? డ్రాయింగ్ల ఎట్లుంటే అట్ల చెయ్' అన్నడు. అందరి ముంగట. నేనేమంట? సదువుకున్నోళ్ల లెక్క వేరే ఉంటదేమో అనుకున్న."

"ఆ డ్రాయింగు ఎక్కడుంది?"

"స్లాబు పడ్డ దినమే మాపటికల్ల ఆయిన ఆఫీసుల గీసే మనిషి, యాదగిరి, మోటారు సైకిల్ మీద వచ్చి కాయితాలన్ని కట్టగట్టుకపోయిండు. ఇంకా లచ్చమ్మ మీద గుడ్డన్న కప్పలేదు మేము."

వకీలు తల తిప్పుకున్నాడు. జైలు గేటు దాటి బయటికొచ్చాను. నాలో ఉన్నది జాలి కాదు. కోపం. కారు దిగని మనిషి మీద కోపం. ఆ మనిషి చెబితే టైపు కొట్టిన నా వేళ్ల మీద అంతకన్నా ఎక్కువ కోపం.

పోలీసుల దగ్గర అప్పటికే ఒక డ్రాయింగు ఉంది. నరహరిరావు గారు దాఖలు చేసిందే. వకీలు వెళ్లి చూసి వచ్చాడు. అందులో పోర్టికో సలాకలు ఎట్లా ఉండాలో అట్లా మీదే ఉన్నాయి.

మా పనిలో డ్రాయింగు మొదట ట్రేసింగ్ పేపరు మీద గీస్తారు. అవతలి వెలుతురు ఇవతలికి కనబడే పల్చటి కాగితం అది. దాని మీద నల్ల సిరాతో గీసి, ఆ ఒక్కదాని నుంచి అమ్మోనియా ఆవిరితో ఎన్ని ప్రింట్లు కావాలంటే అన్ని తీస్తారు. ప్రింటు అబద్ధం చెప్పినా ట్రేసింగ్ చెప్పలేదు. సంఘం కార్యదర్శిగా నరహరిరావు గారికి ఉత్తరం రాశాను. ఫైలు పూర్తిచేయడానికి అసలు ట్రేసింగ్ పంపమన్నాను. ఆయన ఏ అనుమానమూ లేకుండా పంపారు. మీద సలాకలున్న ట్రేసింగ్ తనను కాపాడేదే కదా అనుకున్నట్టుంది.

తెచ్చింది యాదగిరే. నరహరిరావు గారి ఆఫీసులో పదిహేనేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్, అంటే ఇంజనీరు లెక్క ప్రకారం బొమ్మలు గీసే ఉద్యోగి. నేను ట్రేసింగ్ విప్పి కిటికీ అద్దానికి ఆనించాను. బయట ఎండ మండిపోతోంది. కాగితమంతా ఒకే తీరుగా మెరుస్తోంది. పోర్టికో బొమ్మ దగ్గర మాత్రం, సలాక ఉండే గీతకు కిందా పైనా, వేలెడంత మేర కాగితం పొరలు లేచి మసకగా ఉంది. పైన కొత్తగా గీసిన గీత పక్కలకు వెంట్రుకల్లా సిరా పాకింది. డ్రాయింగులో తప్పు దిద్దాలంటే సగం బ్లేడుతో పాత సిరాను గీకేస్తారు. గీకిన చోట కాగితం గరుకెక్కి, తర్వాత గీసిన సిరా అట్లాగే పాకుతుంది. ఎంత నేర్పరి గీకినా వెలుతురుకు పడితే దొరికిపోతుంది.

"ఎప్పుడు గీకినవ్ యాదగిరీ?"

ఆయన కిటికీ వైపు చూడలేదు. "మేడమ్, నాకు ముగ్గురు పిల్లలు."

"నేను అడిగింది అది కాదు."

"స్లాబు పడ్డ తెల్లారి. సారు పక్కన నిలవడి గీకిపిచ్చిండు." మళ్లీ తనే అన్నాడు, "మొదలు తప్పు గీసింది నేనే మేడమ్. మామూలు స్లాబు లెక్క అలవాటుల గీసిన. సారుకు సూడమని ఇచ్చిన. సూడకనే సంతకం పెట్టిండు. దినానికి పది కాయితాలకు పెడ్తడు, ఏదీ సూడడు."

"ఇదే మాట రాసిస్తవా?"

"రాయను. మీరు కోర్టుకు పిలిచినా చెప్పను. నా ఇల్లు కూలుతది."

ఆయన వెళ్లిపోయాడు. నాకిప్పుడు పాత ప్రింటు ఒక్కటన్నా దొరకాలి. బడి కమిటీ పెద్ద వీరేశం తొర్రూరులో పత్తి వ్యాపారి. పని ఒప్పుకున్న రోజున డ్రాయింగుల మీద ఇరుపక్షాలూ సంతకాలు చేసి చెరొక కట్ట ఉంచుకోవడం రివాజు. కొమురయ్య కట్ట పోయింది. వీరేశం కట్ట ఉండాలి. మళ్లీ బస్సెక్కాను. పత్తి బోరాల మధ్య గద్దె మీద కూర్చున్నాడాయన. నేను చెప్పిందంతా విని, లోపలికి వెళ్లి, బీరువా తాళం తీసి, చుట్ట చుట్టిన కట్ట తెచ్చి నా ముందు పరిచాడు. నాలుగో కాగితం మీద పోర్టికో. సలాకలు అడుగున. పక్కన నరహరిరావు గారి సంతకం, ఆయన ముద్ర. కింద వీరేశం సంతకం, కొమురయ్య వేలిముద్ర.

"ఇయ్యడానికి మీకేం ఇబ్బంది లేదా?" అన్నాను. నరహరిరావు గారికి ఆ వైపు ఎంత పలుకుబడి ఉందో నాకు తెలుసు.

"ఇబ్బందేందమ్మా? జూన్‌ల బడి షురూ చేద్దామనుకున్నం. ఆ పోర్టికో కిందనే పిల్లలను నిలవెట్టి జెండా ఎక్కించాలనుకున్నం. నా బిడ్డ గూడ అండ్లనే సదవాలె." ఆయన చేయి కాగితం మీద దబ్బున పడింది. "కొండవోండి. ఎవ్వనికన్న చూపియ్యండి. నాకేం ఫికర్ లేదు."

తర్వాతి ఆదివారం ఉదయం పది గంటలకు కార్యవర్గ సమావేశం పెట్టాను. నరహరిరావు గారు, మరో నలుగురు సభ్యులు, నేను. టేబుల్ మీద ట్రేసింగ్, పక్కన పాత ప్రింటు పరిచి, అందరినీ కిటికీ దగ్గరికి పిలిచి గీకిన చోటు చూపించాను. వాళ్లంతా ఇంజనీర్లూ ఆర్కిటెక్టులే. ఏం జరిగిందో ఒక్క చూపుతో అర్థమైంది అందరికీ.

ముందు నోరు విప్పింది నరహరిరావు గారే. "సుగుణా, నువ్వు చిన్నదానివి. ప్రొఫెషన్‌లో ఇట్లాంటివి జరుగుతుంటాయి. డ్రాఫ్ట్స్‌మన్ పొరపాటు. దానికోసం ఇన్నేళ్ల నా పేరు బజారుకు ఎక్కిస్తావా?"

"పొరపాటైతే ఒప్పుకోవాలి సార్. గీకించడం ఎందుకు? కొమురయ్య అడిగిననాడు కారు దిగి ఒక్కసారి కాగితం చూస్తే లచ్చమ్మ బతికేది."

"ఎవరా లచ్చమ్మ?" అన్నారాయన.

నిజంగానే అడిగారు. ఆయనకు ఆ పేరు తెలియదు. నెల రోజులైంది, ఒక్కసారీ అడిగి తెలుసుకోలేదు.

ఒక ఆర్కిటెక్టు సభ్యుడు మధ్యలో వచ్చాడు. "కారణం కచ్చితంగా నిర్ధారించలేకపోతున్నామని రాద్దాం. ఇటు ఆయన పరువూ దక్కుతుంది, అటు మేస్త్రీకీ మేలు." ఇంకొకాయన, "బెయిల్ ఇప్పిద్దాంలే. వాళ్లకు జైళ్లు పోలీసులు కొత్తేం కాదు" అన్నాడు.

ఇంతవరకు నేను ఓర్చుకున్నాను. ఆ మాటతో ఇక ఓర్చుకోలేకపోయాను. "ఎవరికి కొత్త కాదు? సార్ ఇచ్చిన బొమ్మను చూసి తప్పుందని చెప్పినవాడు జైల్లో ఉన్నాడు. చూడనివాడు కుర్చీలో ఉన్నాడు. చదువురాని మనిషికి తెలిసింది మనకు తెలియలేదు. ఆ సిగ్గు దాచుకోవడానికా మనకు ఈ సంఘం?" అని అరిచాను. కింద మందుల దుకాణం వాళ్లు కూడా వినే ఉంటారు.

కూర్చుని మినిట్స్ పుస్తకం తెరిచాను. సమావేశంలో జరిగింది రాసే పుస్తకం అది. ఎవరు ఏమన్నారో మాట మాటా రాశాను. నా మొదటి ఉత్తరం చూడకుండా రాసిన అబద్ధమనీ, దాన్ని వెనక్కి తీసుకోవాలని నేను ప్రతిపాదిస్తున్నాననీ రాశాను. బలపరిచేవాళ్లు ఎవరని అడిగాను. నలుగురిలో ఒక్కరూ చేయి ఎత్తలేదు. ఒకరు చెప్పుల వైపు, ఒకరు కిటికీ వైపు చూశారు. నరహరిరావు గారు పుస్తకం తన వైపు లాక్కుని, ఆ పేజీ చింపి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "సమావేశం ముగిసింది" అన్నారు. ట్రేసింగ్, ప్రింటు మాత్రం నేను అప్పటికే చుట్టచుట్టి నా సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు పాలిటెక్నిక్‌కు సెలవు పెట్టి, మేజిస్ట్రేటు గారికి నా సొంత పేరుతో అర్జీ రాశాను. ఫలానా తేదీన అసోసియేషన్ తరఫున ఇచ్చిన అభిప్రాయం నేను స్థలం చూడకుండా, డ్రాయింగు ఇచ్చిన ఇంజనీరు చెప్పినట్టు రాసిందని. ట్రేసింగ్, పాత ప్రింటు, ఆ ఊళ్లో నేను తీసిన విరిగిన స్లాబు ఫొటోలు జతచేశాను. వకీలు చదివి, "ఇది పెడితే మీ మీద కూడా కేసు కావచ్చు" అన్నాడు. కానీయమన్నాను.

పదిహేను రోజులకు కొమురయ్య బెయిల్ మీద బయటికొచ్చాడు. ఆ నెలలోనే నాకు ఢిల్లీ నుంచి రిజిస్టర్డు ఉత్తరం వచ్చింది. నోటీసు ఇచ్చింది నరహరిరావు గారికి కాదు, నాకు. ఒక సభ్యుడు మరొక సభ్యుడి వృత్తి ప్రతిష్ఠకు భంగం కలిగించకూడదనే నియమాన్ని నేను ఉల్లంఘించానట. సంఘం కాగితాలను అనుమతి లేకుండా బయటపెట్టానట. క్షమాపణ చెప్పమన్నారు. నియమావళి పుస్తకం మొత్తం తిరగేశాను. సభ్యుల గౌరవం గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. స్లాబు కింద ఉండే మనిషి గురించి వెతికాను. ఒక్క వాక్యం లేదు. ఆ సంగతే జవాబుగా రాసి పంపాను. నా పేరు సభ్యుల జాబితా నుంచి కొట్టేశారు. మరుసటి ఏడాది నరహరిరావు గారు రాష్ట్ర అధ్యక్షుడయ్యారు. హైదరాబాదులో శాలువా కప్పిన ఫొటో పేపర్లో చూశాను.

కేసు రెండేళ్లు నడిచింది. యాదగిరి బోనెక్కి యాదికి లేదన్నాడు. నన్ను పబ్లిక్ ప్రాసిక్యూటర్ గంటసేపు నిలబెట్టాడు.

"మొదటి ఉత్తరం అబద్ధమా, రెండోదా?"

"మొదటిది."

"అబద్ధం రాసి సంతకం పెట్టే మనిషిని కోర్టు ఎందుకు నమ్మాలి?"

కోర్టు హాలులో కొందరు నవ్వారు. నాకు ఒళ్లు మండింది కానీ అడిగింది న్యాయమే. "నన్ను నమ్మనక్కర్లేదు. రెండు కాగితాలనూ వెలుతురుకు పెట్టి చూడండి. స్లాబు ముక్క ఇంకా అక్కడే ఉంది, అదీ చూడండి" అన్నాను. మేజిస్ట్రేటు గారు తనే లేచి ట్రేసింగ్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. కొమురయ్యను నిర్దోషిగా వదిలేశారు. తప్పు డ్రాయింగుదని తీర్పులో ఉంది. ఆ డ్రాయింగు మీద సంతకం చేసినవారి మీద మాత్రం ఎవరూ కేసు పెట్టలేదు. నేను రెండు అర్జీలు ఇచ్చాను. ఫైలు మూసేశామన్నారు.

నిర్దోషి అయితే అయ్యాడు గానీ, స్లాబు పడ్డ మేస్త్రీ అనే పేరు అతన్ని వదల్లేదు. తాపీ పట్టుకోనిచ్చేవాళ్లు లేరు. కాజీపేటలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇటుకలు మోసే పనికి కుదిరాడు. ఒకసారి రైలు కోసం వెళ్తూ చూశాను. తలమీద ఇటుకల తట్టతో, తన తమ్ముడంత వయసున్న మేస్త్రీ కేకలేస్తుంటే నడుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నేను తల దించుకుని స్టేషన్ వైపు నడిచాను.

1984లో వీరేశం మా ఇంటికొచ్చాడు. బడి నడుస్తోంది కానీ గుమ్మం ముందు ఇంకా విరిగిన ఇనుప మొనలే ఉన్నాయనీ, పిల్లలు ఎండకు ఎండి వానకు తడుస్తున్నారనీ, పోర్టికో డ్రాయింగు నన్నే గీయమనీ అడిగాడు. గీస్తాను, కానీ కట్టేది కొమురయ్యే కావాలన్నాను. ఊళ్లో కొందరు వద్దన్నారట. వీరేశం వాళ్ల మాట సాగనివ్వలేదు.

కొమురయ్య మొదట రానన్నాడు. ఎల్లమ్మ వెంటబెట్టుకొచ్చింది. డ్రాయింగు నేల మీద పరిచి, ప్రతి గీత ఏమిటో చెప్పాను. అతను మోకాళ్ల మీద కూర్చుని, వేలితో సలాక గీతను గోడ దాకా తడిమాడు.

"గిది గోడ లోపటికి ఇంకో జానెడు పోవాలె గదమ్మా? పట్టు చాలదు."

లెక్క చూశాను. అతనన్నదే నిజం. సలాక గోడ దూలంలోకి వెళ్లి పట్టుకునే పొడవు నేను తక్కువ గీశాను. ఆరేళ్ల కిందట మమ్మల్ని ఎవరైనా ఇట్లా సరిదిద్దితే ఏమయ్యేదో నాకు తెలుసు. అక్కడే పెన్సిల్‌తో దిద్దాను. కాంక్రీటు పోసేముందు ఇద్దరం నిచ్చెన ఎక్కి, ఒక్కో సలాకను ముట్టుకుని చూశాం.

కర్రలు తీసే రోజు ఊరంతా వచ్చింది. ఎవరూ దగ్గరికి రావడం లేదు. కొమురయ్య కూలీలందర్నీ దూరం పొమ్మని, తానొక్కడే కిందికి పోయి మొదటి కర్రకు సుత్తి వేశాడు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నువ్వెందుకమ్మా? జర ఎడంగ ఉండు."

"గీసింది నేను కదా" అన్నాను.

ఒక్కో కర్రా పడింది. స్లాబు కదల్లేదు. కొమురయ్య గోడకు ఆనుకుని కూర్చుని, పగిలిన చేతుల్లో ముఖం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ఎల్లమ్మ వచ్చి అతని పక్కన కూర్చుంది.

ఆ తర్వాత నేను చాలా డ్రాయింగులు ఇచ్చాను. కాంటిలీవర్ ఉన్న ప్రతి పనికీ కర్రలు తీసే రోజు వెళ్లి కింద నిలబడతాను. తోటి ఇంజనీర్లు నవ్వుతారు, ఇది చాదస్తమంటారు. అనుకోనీ. పరీక్షల్లో సలాకను సరిగ్గా పైన గీసిన పిల్లవాడికి ఇప్పుడు నేను సగం మార్కులే ఇస్తాను. మిగతా సగం, దాన్ని మేస్త్రీకి అర్థమయ్యేలా నోటితో చెప్పగలిగితేనే. మేస్త్రీ ఎదురు ప్రశ్న వేస్తే చిరాకుపడిన వాడికి అవి కూడా పోతాయి.

నా కోపం చల్లారిందా అని మా ఆయన అప్పుడప్పుడు అడుగుతారు. చల్లారలేదు. చల్లారకూడదనే అనుకుంటున్నాను. లచ్చమ్మకు ఇరవై రెండేళ్లు. ఆమెను చంపింది సిమెంటు కాదు, ఇనుము కాదు. చూడకుండా పెట్టిన సంతకం. ఆమె పోయాక, ఆ సంతకాన్ని కాపాడడానికి చూడకుండా పెట్టిన ఇంకో సంతకం నాది.